ముందు కాటా, తరవాతే గాలి: మోటర్‌హోమ్ నడక సరిచేసుకోవడం, టైర్లలో ప్రెషర్ తేల్చుకోవడం

పాత వ్యాను ఒకటి కొని, సీట్లు పీకించి, రెండు మంచాలు, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించి మోటర్‌హోమ్ చేసుకున్నాం. మన దగ్గర కారవాన్ అనగానే సినిమా వాళ్ల బండి గుర్తొస్తుంది గానీ, మాది అంత సీను కాదు. మొదటి ప్రయాణం వైజాగ్ నుంచి భీమిలికి పెట్టుకున్నాం. రుషికొండ దాటాక సముద్రపు గాలి కుడి పక్కనుంచి కొట్టేసరికి బండి ఎడమకి జరిగింది. స్టీరింగు కుడికి తిప్పాను, ఏమీ కాలేదు. ఇంకాస్త తిప్పాను, ఈసారి ఒక్కసారిగా కుడికి పోయింది. భీమిలి చేరేదాకా ఇదే వరస. వెనక మంచం మీద హాయిగా నడుం వాలుద్దామనుకున్న మా ఆవిడ దారి పొడుగునా కిటికీ కమ్మీ వదల్లేదు.

ఆ తరవాత నెల రోజులు బండికి చేయగలిగినవన్నీ చేశాను, కాకపోతే వరస తలకిందులు. ముందు స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగు అదురు తగ్గించే సామాను) బిగించాను. తరవాత వెనక కమానుకి (పట్టీల స్ప్రింగుకి) ఒక పట్టీ ఎక్కించాను. ఒక టైర్ల షాపులో ‘పెద్ద బండి కదా సార్’ అని నాలుగింటికీ 65 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) కొట్టి పంపారు. డబ్బులు పోయాయి, బండి మాత్రం అలాగే తేలుతోంది. చివరికి గాజువాక ఆటోనగర్ వైపు లారీ టైర్లు చూసే ఒక పెద్దాయన బండి చుట్టూ ఓసారి తిరిగి, వెనక బంపరు మీద చెయ్యి ఆనించి, “కాటా ఏసినారా బాబూ?” అన్నాడు. లేదన్నాను. “బరువెంతో మీకే తెలీకపోతే గాలెంతో నాకేటి తెలుస్తాది?” అన్నాడు.

కింద రాసిందంతా ఆ ప్రశ్న దగ్గర మొదలైందే. వరస మాత్రం మార్చకండి: ముందు బరువు, తరవాత గాలి, తరవాత అరిగిన భాగాలు, ఆ తరవాత అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), అన్నీ అయ్యాకే కొత్త సామాన్లు. ఒకసారికి ఒక్కటే మార్చి నడిపి చూడండి. రెండు కలిపి మారిస్తే దేనితో బాగుపడిందో తేలదు. బండిలో ఒక నోటుబుక్కు పడేసుకోండి, తేదీ వేసి ప్రతి మార్పూ రాయండి.

1. బండిని కాటా వేయించడం

ఊరెళ్లేటప్పుడు బండి ఎలా ఉంటుందో అచ్చం అలాగే నింపండి. నీళ్ల ట్యాంకు నిండుగా, డీజిలు నిండుగా, గ్యాసు, బియ్యం, దుప్పట్లు, మడతకుర్చీలు, చివరికి మనుషులు కూడా. ఖాళీ బండి తూకం దేనికీ పనికిరాదు.

ఆటోనగర్‌లో, పోర్టు వైపు దారుల్లో లారీ కాటాలకు కరువు లేదు. లారీల వరస లేని వేళ చూసుకుని వెళ్లండి. ‘మూడు తూకాలు కావాలి’ అని ముందే చెప్పాలి, లేకపోతే కాటా అబ్బాయి మొత్తం బండి తూకం ఒక్కటే కొట్టి చీటీ చేతిలో పెట్టేస్తాడు. ముందు చక్రాలు రెండే కాటా మీదికి ఎక్కించి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి ఒకటి, ముందు చక్రాలు అవతలికి దింపేసి వెనకవి మాత్రమే ఉంచి మూడోది. మొదటిదీ మూడోదీ కలిపితే రెండోదానికి దగ్గరగా రావాలి. యాభై, వంద కేజీల తేడా వస్తే చక్రం ఎక్కడో అంచు మీద నిలబడిందన్న మాట, మళ్లీ వేయించండి.

కాటా పక్కన నేల కాటాతో సమానంగా ఉంటే ఇంకో పని కూడా చేయొచ్చు. ఎడమ చక్రాలు కాటా మీద, కుడి చక్రాలు బయట ఉండేలా నిలిపి ముందుకీ వెనక్కీ విడివిడిగా తూచండి. పక్కనేల వాలుగా ఉంటే వద్దు, ఆ అంకె అబద్ధం చెబుతుంది.

ఇప్పుడు చీటీలను ఆర్‌సీలో రాసి ఉన్న మొత్తం బరువుతో పోల్చండి. మీ బండి దాన్ని మించితే ఇక్కడే ఆగిపోవాలి. ఎక్కువ బరువుకి ఎక్కువ గాలి కొడితే సరిపోతుందనుకోవడం మన రోడ్ల మీద చాలామంది నమ్మకం. బ్రేకులు, యాక్సిల్ (ఇరుసు), కమాన్లు, బేరింగులు మాత్రం ఆ నమ్మకంలో పాలుపంచుకోవు.

మా చీటీ: ముందు 1,310 కేజీలు, వెనక 2,070, మొత్తం 3,380. మొత్తం హద్దులోనే ఉంది. గొడవంతా పంపకంలో ఉంది.

2. బరువు ఎక్కడుందో చూసి సర్దడం

స్టీరింగు ఎంత తిప్పినా బండి వినకపోవడానికి మాకు దొరికిన కారణం ఇదే. నీళ్ల ట్యాంకుని వెనక యాక్సిల్ దాటాక, బంపరు వైపు పెట్టించాం. ఖాళీ జాగా అక్కడే ఉంది మరి. 120 లీటర్ల నీళ్లంటే 120 కేజీలు, ట్యాంకు, ఫ్రేము, పంపు కలిపి ఇంకో 25. ఆ 145 కేజీలు వెనక యాక్సిల్ మీద 145గానే పడవు. ఉయ్యాలబల్ల గుర్తు తెచ్చుకోండి. వెనక యాక్సిల్ దాటిన బరువు వెనక్కి కుంగుతూ ముందు చక్రాలను పైకి లేపుతుంది.

లెక్క చిన్నదే. మా బండి వీల్‌బేస్, అంటే ముందు వెనక యాక్సిళ్ల మధ్య దూరం, 3.35 మీటర్లు. వెనక యాక్సిల్‌కి 1.2 మీటర్ల వెనక 100 కేజీలు పెడితే ముందు యాక్సిల్ మీద 100 × 1.2 ÷ 3.35, అంటే దాదాపు 36 కేజీలు తగ్గుతాయి. వెనక యాక్సిల్ మీద 136 పెరుగుతాయి. దిశ తిప్పేది ముందు చక్రాలు. వాటి మీద బరువు తీసేస్తే అవి రోడ్డుని పట్టుకునేదెలా?

ట్యాంకుని మంచం కింద, వెనక యాక్సిల్‌కి 1.1 మీటర్ల ముందుకి జరిపించాం. అంటే 145 కేజీలు 2.3 మీటర్లు ముందుకి వచ్చాయి. మళ్లీ కాటా వేస్తే ముందు 1,410, వెనక 1,970. వంద కేజీలు వెనకనుంచి ముందుకి మారాయి. రూపాయి పెట్టి కొత్త పార్టు కొనలేదు, వెల్డరు కూలి మాత్రమే. ఆ రోజు తిరుగు ప్రయాణంలోనే స్టీరింగు వేరే బండిదిలా అనిపించింది.

మీ బండిలో వెతకాల్సినవి: వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ, సైకిళ్లు, వెనక డిక్కీలో బ్యాటరీలు, పనిముట్ల పెట్టె, పైకప్పు మీద ఏసీ, సోలార్ పలకలు, లగేజీ క్యారియర్. బరువున్నవి కిందకీ, రెండు యాక్సిళ్ల మధ్యకీ రావాలి. పైకప్పు మీద తేలికపాటి దుప్పట్లే అయినా సరే, నా ఓటు వద్దనే. ఎత్తులో ఉన్న ప్రతి కేజీ మలుపులో బండిని పక్కకు వాలుస్తుంది. ఎడమ కుడి తేడా కూడా చూసుకోండి. వంటగట్టు, ఫ్రిజ్ రెండూ ఎడమవైపే ఉండటంతో మా వెనక ఎడమ చక్రం మీద 1,040, కుడి మీద 930 పడుతున్నాయి. బ్యాటరీని కుడికి మార్చే పని ఇంకా పెండింగు.

ట్యాంకులు బిగించడం, బాడీ మార్చడం లాంటి వాటికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది. ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా ఏ పని చేయించినా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

3. గాలి ఎంత? అసలు లెక్క

బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. అందుకే ‘ఈ టైరుకి ఎంత గాలి’ అనేది సగం ప్రశ్నే. ‘ఈ టైరు మీద ఇంత బరువుంటే ఎంత గాలి’ అన్నది పూర్తి ప్రశ్న.

మొదట డ్రైవరు తలుపు చట్రం మీద, లేదా ఓనర్స్ మాన్యువల్‌లో, బండి కంపెనీ ఇచ్చిన ప్రెషర్ పట్టిక వెతకండి. బండికి వచ్చిన సైజు టైర్లే ఉండి, యాక్సిల్ బరువులు కంపెనీ హద్దుల్లో ఉంటే ఆ అంకె కంటే తక్కువకి దిగకండి. ఆ పట్టిక లేకపోతే (మాది పాత ఓనరు వేయించిన పెయింటు కింద సమాధి అయింది) టైరు కంపెనీ ఇచ్చే లోడు–ప్రెషర్ పట్టిక సంపాదించండి, డీలరుని అడిగితే దొరుకుతుంది. అదీ చేతికి వచ్చేలోపు ఒక అంచనా వేసుకోవడానికి టైరు పక్కగోడ మీద ఉన్న రాతే చాలు.

మా టైరు మీద ఇలా ఉంది: 225/70 ఆర్ 15 సి, 112/110 ఆర్. వెడల్పు 225 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం. రేడియల్ టైరు, 15 అంగుళాల రిమ్ము. ‘సి’ అంటే బరువు బళ్లకి చేసిన రకం. 112 అనేది లోడు సంఖ్య, దానర్థం ఒక్కో టైరు 1,120 కేజీలు మోస్తుంది. వెనక జంట టైర్లుండే బండికి రెండో సంఖ్య చూడాలి. 110 అంటే టైరుకి 1,060. చివర ఉన్న ‘ఆర్’ వేగం గుర్తు, గంటకి 170 కిలోమీటర్లు. మన బండికి ఆ అక్షరంతో పనేమీ లేదనుకోండి. పక్కగోడ మీదే చిన్న అక్షరాల్లో ఆ పూర్తి బరువు మోయడానికి కావలసిన ప్రెషర్ ఉంటుంది. మాకు 65 పీఎస్ఐ. కొన్నిటి మీద కిలోపాస్కల్స్‌లో ఉంటుంది, 450 కిలోపాస్కల్స్ అంటే ఇదే 65. బార్‌లలో ఉంటే 14.5తో గుణించండి.

టైర్ల షాపులో నాలుగింటికీ 65 కొట్టడానికి కారణం ఈ అంకే. అది పూర్తి 1,120 కేజీలకి కావలసిన గాలి. 655 కేజీలు మాత్రమే ఉన్న మా ముందు టైరుకి అంత కొడితే అది ట్రెడ్ (టైరులో రోడ్డుని తాకే భాగం) మధ్య పట్టీ మీద మాత్రమే ఆని, హైవే మీద లారీలు తొక్కి చేసిన గాడి కనబడితే చాలు అటే పోయేది. దాన్నే నేను గాలి దెబ్బ అనుకున్నాను.

అంచనా లెక్క ఇది. ఆ యాక్సిల్ మీద రెండు చక్రాల్లో ఎక్కువ బరువున్నది తీసుకోండి. దాన్ని టైరు పూర్తి బరువుతో భాగించి, పక్కగోడ ప్రెషర్‌తో గుణించండి. ఒకే యాక్సిల్‌లో ఎడమకి ఒక ప్రెషర్, కుడికి ఒక ప్రెషర్ పెట్టకూడదు. బరువైన పక్కకి వచ్చిన అంకే రెండిటికీ.

వెనక: 1,040 ÷ 1,120 × 65 = 60.4. మేం 62 పెట్టుకున్నాం.
ముందు: ఎక్కువ పక్క 720. 720 ÷ 1,120 × 65 = 41.8. బ్రేకు వేసినప్పుడూ ఘాట్ దిగేటప్పుడూ బరువంతా ముందుకి వస్తుంది కాబట్టి దీనికి పది శాతం కలిపాం: 46.

టైరు కంపెనీల పట్టికల్లో పూర్తి లోడు కంటే తక్కువ బరువులకి వచ్చే ప్రెషర్ సాధారణంగా ఈ సూటి లెక్క కంటే కాస్త తక్కువే ఉంటుంది. అంటే తప్పు జరిగినా ఎక్కువ గాలి వైపే జరుగుతుంది. తక్కువ గాలి తప్పు ప్రమాదకరం: పక్కగోడ ప్రతి చుట్టుకీ వంగి, వేడెక్కి, లోపల పొరలు విడిపోయి, చివరికి మే నెల మధ్యాహ్నం నడిరోడ్డు మీద పేలుతుంది. లెక్కలో వచ్చినది పక్కగోడ అంకెను మించితే మీకు కావలసింది గాలి కాదు, ఎక్కువ లోడు సంఖ్య ఉన్న టైరు, లేదా బండిలోంచి కొన్ని సామాన్లు దించడం.

రిమ్ముకీ వాల్వుకీ కూడా హద్దులుంటాయి. కార్లకి వేసే మామూలు రబ్బరు వాల్వు ఇంత ప్రెషర్‌కి సరిపోకపోవచ్చు. టైర్లు మార్చినప్పుడే నట్టుతో బిగించే మెటల్ వాల్వులు వేయించుకోండి.

ఇక నడిపి చూసి సర్దుకోవడం. తోక ఊగుతున్నట్టుంటే వెనక 2 పీఎస్ఐ పెంచండి. ముందు గట్టిగా, ప్రతి గాడికీ గెంతుతూ ఉంటే ముందు 2 తగ్గించండి. స్టీరింగు బద్ధకంగా, తిప్పాక ఆలస్యంగా స్పందిస్తుంటే ముందు 2 పెంచండి. అన్నీ రెండేసి చొప్పునే. పెంచేటప్పుడు పక్కగోడ అంకె దాటకండి, తగ్గించేటప్పుడు బరువు లెక్కలో తేలిన అంకె కిందకి దిగకండి. మా ముందు టైర్లకి పది శాతం కలిపాం గనక తగ్గించడానికి 42 దాకా జాగా ఉంది.

4. కొలవడం

సొంత గేజి కొనుక్కోండి, డిజిటల్‌ది, వంద పీఎస్ఐ దాకా చూపించేది. ఒకే టైరుని ఒకే ఉదయం మూడు చోట్ల చూపిస్తే నాకు 57, 60, 63 వచ్చాయి. ఏది నిజమో దేవుడికే తెలియాలి. అందుకే మూడిటినీ నమ్మడం మానేసి, నాదొక్కటే పట్టుకున్నాను. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితమే గానీ అక్కడి మిషను కార్లకి చాలినంత కొట్టి అరవై దగ్గర మూలుగుతుంది. లారీ టైర్ల షాపుకి వెళ్లడం మేలు.

కొలిచేది పొద్దున్నే, బండి కదలకముందు. కనీసం మూడు గంటలు ఆగి ఉన్న టైరునే చల్లటి టైరంటారు. ఎండ ఒక పక్కనే పడుతుంటే ఆ పక్క టైరు రెండు మూడు ఎక్కువ చూపిస్తుంది, అది గాలి పెరిగి కాదు. గంటసేపు నడిచాక 62 కాస్తా 70 అవుతుంది, భయపడకండి. పది, పదిహేను శాతం పెరగడం మామూలే. వేడి టైరులోంచి గాలి తీయడం మాత్రం పెద్ద తప్పు. చల్లారాక అది యాభై చిల్లరకి దిగిపోతుంది. ఇరవై శాతం దాటి పెరిగిందంటే పొద్దున గాలి తక్కువుందనో, బరువు ఎక్కువుందనో, బ్రేకు పట్టేసి చక్రం కాలుతోందనో అర్థం. నిలిపి, చేతి వెనకభాగం రిమ్ము దగ్గరికి తీసుకెళ్లి చూడండి, తాకొద్దు. మిగతా మూడిటికంటే ఒక్కటే సెగలు కక్కుతుంటే అది బ్రేకు.

నైట్రోజన్ గురించి అందరూ అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. షాపులో ఇచ్చేదానిలో అసలు లాభం తేమ లేకపోవడం. మన ఊరి ఉక్కపోతలో, కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు కక్కించని షాపులో గాలి కొట్టిస్తే టైరులోకి నీటి ఆవిరి కూడా పోతుంది. అంతవరకు నిజమే. డబ్బులు పెట్టాలా వద్దా అంటే, నేనైతే అదే డబ్బుతో టైరు ప్రెషర్ చూపించే సెన్సార్లు కొన్నాను. వెనక ఎడమ టైరులో మేకు దిగి గాలి పోతున్న సంగతి పెందుర్తి దగ్గర అదే చెప్పింది.

5. వైజాగ్‌లో కొట్టిన గాలి అరకులో ఎంత?

ఇది మన ఊరి వాళ్లకి ప్రత్యేకమైన చిక్కు. సముద్రమట్టం నుంచి 115 కిలోమీటర్ల దూరంలో తొమ్మిది వందల మీటర్ల ఎత్తుకి వెళ్తాం, అదీ ముప్పై డిగ్రీల నుంచి డిసెంబరు తెల్లవారుజాము పది డిగ్రీలకి.

చలికి గాలి ముడుచుకుంటుంది, ప్రెషర్ తగ్గుతుంది. ఎత్తుకి వెళ్తే బయటి గాలి పల్చబడుతుంది, గేజి కాస్త ఎక్కువ చూపిస్తుంది. రెండూ ఎదురెదురు. వైజాగ్‌లో 30 డిగ్రీల దగ్గర పెట్టిన 62ని లెక్క వేస్తే, చలి ఒక్కటే అయితే అది 57కి దిగాలి. ఎత్తు ఒకటిన్నర తిరిగి కలుపుతుంది. అంటే అరకులో పొద్దున్నే గేజి 58న్నర దగ్గర చూపించాలి. నేను క్యాంపులో దుప్పటి కప్పుకుని, పొగమంచులో వాల్వు మూత తీసి చూస్తే 58 వచ్చింది. మా బావమరిది ‘గాలి దిగిపోయింది, పంక్చరేమో’ అని అప్పటికే స్టెప్నీ విప్పబోతున్నాడు.

నాలుగు టైర్లూ ఒకే తీరున తగ్గితే అది చలి. ఒక్కటే తగ్గితే అది మేకు. పూర్తి లోడుతో ఉంటే అక్కడే రెండు మూడు పోయించుకుని, తిరిగి వచ్చాక మర్నాడు చల్లారిన టైర్లలో మళ్లీ సరిచేసుకోండి. లంబసింగి శీతాకాలానికీ ఇదే లెక్క, కాకపోతే చలి ఇంకా ఎక్కువ.

6. టైరుని చేత్తో చదవడం

అరచెయ్యి ట్రెడ్ మీద ఆనించి బయటి అంచు నుంచి లోపలి అంచుకి నిమరండి, మళ్లీ లోపలి నుంచి బయటికి. ఒక వైపు పోయేటప్పుడు పిల్లి వీపులా నున్నగా, తిరుగు దారిలో రంపపు పళ్లలా గరుగ్గా తగిలితే టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. మధ్య పట్టీ ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే తక్కువ. ఒక్క అంచే అరిగితే క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకి వాలిన కోణం) తప్పిందనో, ఏదో వంగిందనో. చుట్టూ అక్కడక్కడా గిన్నెల్లా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు పోయాయి.

ప్రెషర్ సరిపోయిందో లేదో చూడటానికి ఒక పాత చిట్కా ఉంది. ట్రెడ్ మీద అడ్డంగా సుద్దముక్కతో మందంగా గీసి, చదునైన తారురోడ్డు మీద నిదానంగా తిన్నగా యాభై, వంద మీటర్లు పోనిచ్చి దిగి చూడండి. మధ్యలోనే సుద్ద చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. లెక్కని సరిచూసుకోవడానికే దీన్ని వాడాలి, లెక్కకి బదులు కాదు.

టైరు వయసు కూడా చూడండి. పక్కగోడ మీద డీఓటీ వరసలో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 3221 అంటే 2021లో 32వ వారం. చట్టం ప్రకారం ట్రెడ్ 1.6 మిల్లీమీటర్లు ఉండాలి గానీ, మోటర్‌హోమ్ టైర్లు అరిగిపోయేలోపే ముసలివైపోతాయి. నెలలో ఇరవై ఐదు రోజులు ఎండలో నిలబడే బండి మరి. అయిదారేళ్లు దాటి, పక్కగోడలో వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తే ట్రెడ్ ఎంతున్నా మార్చేయండి.

7. కింద దూరి చూడటం

బండి చక్రాల మీదే నిలబడి ఉండాలి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ఒక్క జాకీ మీద నిలిపిన బండి కిందకి ఎవరూ, ఎప్పుడూ దూరకూడదు. ఇంజిను ఆన్ చేసి ఒకరు స్టీరింగుని రెండంగుళాలు అటూ ఇటూ ఆడిస్తుంటే రెండోవారు పక్కనుంచి టార్చి వేసి చూడాలి. స్టీరింగు కదిలినా టై రాడ్డు (స్టీరింగు కదలికను చక్రానికి అందించే కడ్డీ) కదలడం ఆలస్యమైతే మధ్యలో ఎక్కడో కీలు వదులైంది. టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు లేదా కింగ్ పిన్నులు, స్టీరింగ్ బాక్సు, వీల్ బేరింగులు, కమాన్ బుష్‌లు, యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి వాలకుండా పట్టే కడ్డీ) రబ్బర్లు, ఈ వరసలో చూడండి. మా స్టీరింగులో ఆ ‘కాసేపు ఏమీ కాకపోవడం’లో సగం వెనక బరువుదైతే, మిగతా సగం ఎడమ టై రాడ్ ఎండ్‌ది.

షాక్ అబ్జార్బర్లకి పాత మెకానిక్కుల పరీక్ష ఒకటుంది. గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి దిగి నాలుగింటినీ చేత్తో తాకండి. పనిచేసేది వెచ్చగా ఉంటుంది. చల్లగా ఉన్నది ఊరికే వేలాడుతోంది. నూనె కారిన జిడ్డు కనిపిస్తే తాకనక్కర్లేదు.

సముద్రం పక్కన ఊరు కాబట్టి ఇంకో మాట. బీచ్ రోడ్డు వైపు ఇళ్లున్నవాళ్ల బళ్లలో యూ బోల్టులు, షాక్ అబ్జార్బర్ బోల్టులను తుప్పు ఎలా తింటుందో అలైన్‌మెంట్ చేయించబోయినప్పుడే తెలుస్తుంది, ఒక్కటీ కదలదు. నెలకోసారి కింద మంచినీళ్లతో కడిగించండి.

8. అలైన్‌మెంట్

అరిగినవి మార్చాక, గాలి సరిచేశాక, బండి ప్రయాణం బరువుతో ఉండగా చేయించాలి. ఖాళీ బండికి చేసిన అలైన్‌మెంట్ నిండు బండికి చెల్లదు, కమాన్లు కుంగగానే కోణాలు మారతాయి. ముందు, తరవాత అంకెలున్న ప్రింటు తీసుకోండి. ‘చేసేశాం సార్’ అనేది ప్రింటు కాదు.

టోని అందరూ చూస్తారు. మీరు అడగాల్సింది క్యాస్టర్. సైకిలు ముందు చక్రం ఫోర్కు వాలు కూడా సాయపడబట్టే చేతులు వదిలినా తిన్నగా పోతుంది కదా, ఆ వాలే క్యాస్టర్. అది తగ్గితే బండి తిన్నగా పోవడం మరిచిపోతుంది, మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. ఎడమ కుడి తేడా ఉంటే ఒక పక్కకి లాగుతుంది. గట్టి ముందు యాక్సిల్ ఉన్న బళ్లకి కమాను కింద చీలిక ముక్క పెట్టి సరిచేస్తారు. నేను వెనక పట్టీ ఎక్కించి తోక పైకి లేపినప్పుడు ముందు క్యాస్టర్ తగ్గింది. డబ్బిచ్చి మరీ బండిని చెడగొట్టుకున్నానని ప్రింటు చూశాకే తెలిసింది. ఆ పట్టీ తీయించేశాను.

9. కొత్త సామాన్లు కొనాలా?

ఇంతదాకా చేశాక కూడా మలుపుల్లో బాగా వాలుతుంటే వెనక యాంటీ రోల్ బార్, లేదా మంచి షాక్ అబ్జార్బర్లు పెట్టించండి, ఆ ఖర్చుకి న్యాయం జరుగుతుంది. బరువు హద్దులోనే ఉన్నా తోక కుంగుతుంటే గాలి బుడగల స్ప్రింగులు పట్టీ కంటే నయం. స్టీరింగ్ డ్యాంపర్ చివరి మాట. అది చేతికొచ్చే అదురు తగ్గిస్తుంది, అదురుకి కారణం తీయదు. నాది ఇప్పటికీ ఉంది, తీయడానికి బద్ధకమై.

10. మూడు రోడ్ల మీద పరీక్ష

తిన్నగా పోతోందో లేదో చూడటానికి ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి ఆరు వరసల రోడ్డు, ఆదివారం పొద్దున్నే. స్టీరింగుని రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకుని చూడండి, వదలకండి. రోడ్డు ఎడమకి కాస్త వాలుగా ఉంటుంది కనక కొద్దిగా ఎడమకి పోవడం జబ్బు కాదు.

పక్కగాలికి మధ్యాహ్నం పూట రుషికొండ–భీమిలి. సరుగుడు తోటలు ఉన్నంతసేపూ ఏమీ ఉండదు, తోట అయిపోయి సముద్రం కనబడగానే దెబ్బ పడుతుంది. ఖాళీ రాబోతోందని ముందే వేగం తగ్గించండి. హైవే మీద లారీ మనల్ని దాటేటప్పుడు కూడా ఇదే తంతు: ముందు దాని ముక్కు నెట్టే గాలి మనల్ని బయటికి తోస్తుంది, తరవాత పక్కనున్న ఖాళీ లోపలికి లాగుతుంది. రెండిటికీ స్టీరింగు చిన్నగా తిప్పితే చాలు. ఒకదానికి పెద్దగా తిప్పితే రెండోదానికి దొరికిపోతాం. తుపాను హెచ్చరిక ఉంటే అసలు బయటికే తీయకండి. ఎత్తైన పక్కలున్న బండి తెరచాప లాంటిది.

మూడోది శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్. ఎక్కడం కాదు, దిగడమే పరీక్ష. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగండి. న్యూట్రల్‌లో దింపి డీజిలు మిగిల్చుకుందామనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజిను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడితే డ్రమ్ములు కాలి, ఆ వేడి రిమ్ము గుండా టైరులోకి పోయి ప్రెషర్ పెంచుతుంది, ఇటు బ్రేకు పట్టూ పోతుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా ఒక్కసారి వేసి వదలండి. కాలిన వాసన వస్తే విశాలమైన చోట ఆపి చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి. ఇరుకు దగ్గర ఎదురుగా ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి, నిబంధన అదే.

ఎప్పుడైనా టైరు పేలితే బ్రేకు తొక్కేయకండి. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టి తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా వదులుతూ బండి నెమ్మదించాక పక్కకి తీయండి.

11. స్టెప్నీ

దీన్ని వెనక చక్రం ప్రెషర్‌కి నింపి ఉంచండి, మాకు 62. ముందు వేయాల్సి వస్తే కొంత తీసేయొచ్చు. తక్కువ ఉంచితే అడవిలో గాలి పోయడానికి ఎవరూ ఉండరు. చక్రం మార్చాక యాభై, వంద కిలోమీటర్లకి నట్లు మళ్లీ బిగించి చూసుకోవాలి.

అంత జాగ్రత్తగా నోటుబుక్కు రాసుకునే నేను ఆ అరకు పొద్దున, మా బావమరిది చేతిలో స్పానరు చూసి, సరదాకి స్టెప్నీకి కూడా గేజి పెట్టాను. 31 చూపించింది.